లైనక్స్‌లో రాసి విండోస్‌లో మోగించాలంటే

నాగర్‌కర్నూలు జిల్లా కిన్నెర కళాకారుల పాట రికార్డు చేసి వినిపించే చిన్న సాఫ్ట్‌వేర్ రస్ట్‌లో రాస్తున్నారనుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. గద్వాలలోనో వనపర్తిలోనో దాన్ని వాడబోయే స్టూడియోలో విండోస్. అంతమాత్రానికి ఇంకో ల్యాప్‌టాప్ కొనక్కర్లేదు.

రస్ట్ కోడ్‌ను వేరే ఓఎస్‌కి కంపైల్ చేయడం తేలికే. కానీ శబ్దం పుట్టించేది ఆ కోడ్ కాదు, ఓఎస్‌తో వచ్చే లైబ్రరీ: లైనక్స్‌లో ఆల్సా, విండోస్‌లో వాసాపి, మ్యాక్‌లో కోర్ ఆడియో. మీ కోడ్‌కూ ఆ లైబ్రరీకీ వారధిగా ఉండే బైండింగ్ దాన్ని పిలుస్తుంది, అంతే. వేరే ఓఎస్ లైబ్రరీ మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు, అందుకే కోడ్‌ను లైబ్రరీలతో కలిపే లింకర్ దగ్గరే పని ఆగుతుంది.

విండోస్ దారి అనుకున్నంత కష్టం కాదు. ఏ ఓఎస్‌లోనైనా ఆడియో నడిపే సీపాల్ క్రేట్ వాడితే అక్కడ ఆల్సా ఊసే ఉండదు. విండోస్‌కి లింక్ చేసిపెట్టే మింగ్‌డబ్ల్యూ వేసుకుని, రస్టప్‌లో విండోస్ టార్గెట్ కలిపితే చాలావరకు అయిపోతుంది. స్టూడియోలో ఏదైనా డీఎల్ఎల్ లేదని మొరాయిస్తే స్టాటిక్‌గా లింక్ చేయండి, లేదా ఆ ఫైలునూ పక్కనే పెట్టి ఇవ్వండి.

అసలు తిప్పలు అదే సాఫ్ట్‌వేర్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి బిల్డ్ చేసేటప్పుడు. దానిది ఆర్మ్ ప్రాసెసర్ కాబట్టి ఆర్మ్ ఆల్సా కావాలి. ఆర్కిటెక్చర్ వేరని బిల్డ్ ఆగిపోతుంది, దాన్ని దాటించే క్రాస్ అనుమతి వేరియబుల్ ఒకటుంది. అది పెట్టి ఊరుకుంటే, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ మీ ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ ఆల్సానే చూపిస్తుంది, లింకర్ దాన్ని తోసిపుచ్చుతుంది. డీపీకేజీకి ఆర్మ్64 పరిచయం చేసి, ఆ ఆర్కిటెక్చర్ ఆల్సా డెవలప్‌మెంట్ ప్యాకేజీ దించుకోండి. తర్వాత పీకేజీ-కాన్ఫిగ్ లిబ్‌డిర్‌ను ఆ ఫోల్డర్‌కే తిప్పండి. చాలామంది లిబ్‌డిర్ బదులు పీకేజీ-కాన్ఫిగ్ పాత్ మారుస్తారు. పాత్ కొత్త చోటును కలుపుతుందే గానీ పాతదాన్ని తీసేయదు. ఇదంతా డెబియన్ కంటైనర్‌లో చేయడం నాకు నచ్చిన పద్ధతి. ఉబుంటులోనైతే ఆర్మ్ ప్యాకేజీలకు వేరే సర్వర్ చిరునామా రాసుకోవాలి. పైగా కంటైనర్‌లోని డెబియన్, రాస్ప్‌బెర్రీ పైలోని డెబియన్ ఒకే వెర్షన్ అయితే జీలిబ్‌సీ గొడవ రాదు.

మళ్లీ విండోస్ బిల్డ్ దగ్గరికొస్తే, లైనక్స్‌లోనే విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో మోగిందని మురిసిపోకండి. అక్కడ చివరికి పలికేది మీ లైనక్స్ ఆడియోనే. శాంపిల్ రేటు 44,100 అని కోడ్‌లో పాతేస్తే, 48,000కి పెట్టి ఉన్న విండోస్ సౌండ్‌కార్డ్ దగ్గర స్ట్రీమ్ తెరుచుకోకపోవచ్చు; రేటెంతో పరికరాన్నే అడిగించండి. డబ్బు మాట్లాడుకునే రోజే స్టూడియో సిస్టమ్ మీద ఒక పూట పరీక్షించుకోవడానికి ఒప్పించుకోండి.