జెకర్యా పలక
చదువవలసిన భాగము: లూకా 1:18–23, 57–64

దేవాలయములోనుండి వెలుపలికి వచ్చిన జెకర్యాకు మాట పోయెను. చెవి పోయినట్లు లూకా స్పష్టముగా వ్రాయలేదు. అయినను బిడ్డకు పేరు పెట్టు దినమున ఇరుగుపొరుగువారు అతనికి సైగలు చేసిరి. చెవుడు కూడ వచ్చియుండునని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది ఎట్లున్నను, మాటలేనివానిని చెవిటివానిగా ఎంచుట మనకును అలవాటే.

మా సంఘములో పాటలెత్తు పెద్ద ఒకాయనకు గొంతులో క్యాన్సరు పుట్టగా వైద్యులు స్వరపేటికను పూర్తిగా తీసివేసిరి. ఆయన తిరిగి వచ్చిన ఆదివారము మేము ఆయనతో కేకలు వేసి మాటలాడితిమి. కొందరము ఆయన యెదుటనే, "వదినా, అన్నయ్య గంజియైన త్రాగుచున్నాడా?" అని ఆయన భార్యను అడిగితిమి. ఆయన చెవులకేమియు కాలేదు! కొన్ని వారములకు ఆయన వెనుక గోడయొద్ద కూర్చుండసాగెను. తప్పు మాది గనుక ఈ పాఠము వ్రాయుచున్నాము.

ఈ శస్త్రచికిత్స జరిగినవారు ముక్కుతో గాక, మెడ క్రిందిభాగమున చేసిన రంధ్రముతో ఊపిరి పీల్చుదురు. అందుచేత వాసనలు సరిగా తెలియవు. వేడి గంజిని ఊదుకొనలేరు. కళ్లములోని దుమ్ము నేరుగా లోపలికి పోవును గనుక పలుచని గుడ్డ కప్పుకొందురు. మెడలోతు నీటిలో దిగిన ప్రాణాపాయము. ముంచి బాప్తిస్మమిచ్చు సంఘముల కాపరులు ఈ సంగతి తప్పక ఎరిగియుండవలెను. స్పృహ తప్పి ఊపిరి ఆగినయెడల, నోటిలో గాక ఆ రంధ్రములోనే ఊపిరి ఊదవలెను.

వియన్నాలో బిల్‌రోత్ అను వైద్యుడు 1873లో స్వరపేటికను పూర్తిగా తీసివేసెను. అప్పటినుండి మాటకు మార్గములు వెదకుచునే యున్నారు. కొందరు గాలిని అన్ననాళములోనికి తీసికొని త్రేనుపువలె పైకి తెచ్చి పలుకుదురు. కొందరు మెడకు చిన్న యంత్రము ఆనించుకొందురు. శ్వాసనాళమునకును అన్ననాళమునకును నడుమ చిన్న కవాటము అమర్చు పద్ధతిని అమెరికాలో సింగర్, బ్లోమ్ అనువారు 1980లో ప్రకటించిరి. రంధ్రమును బొటనవ్రేలితో మూసినయెడల మాట వచ్చును. ఇట్టి కవాటమును సుమారు 50 రూపాయలకే లభించునట్లు బెంగుళూరు వైద్యుడు విశాల్ రావు రూపొందించెను. ఆ స్వరము మోటుగా, లోతుగా నుండును. ఇది స్త్రీలకు మరింత బాధ, టెలిఫోనులో పురుషుడనుకొందురు.

అందరికిని స్వరపేటిక తీయనక్కరలేదు. 1991లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో, మందులును కిరణచికిత్సయు మొదట పొందినవారిలో నూటికి 64 మందికి అది నిలిచెను. కాని నిలిచిన గొంతు పాత గొంతు కాదు. నోరు ఎండును, స్వరము బొంగురుపోవును, మ్రింగుట కష్టము. ప్రభురాత్రి భోజనపు ఎండు రొట్టె అట్టివారికి ఎంత శ్రమయో మనమెన్నడైన తలంచితిమా? చిన్న ముక్క ఇచ్చి, ప్రక్కన నీళ్లుంచుడి.

మూడు వారములు దాటిన బొంగురు గొంతును జలుబని త్రోసివేయక వైద్యునికి చూపుడి. చుట్ట, బీడీ త్రాగువారికి మరీ చెప్పుచున్నాము.

మరియొక మాట. మూగయైన జెకర్యా వెంటనే ఇంటికి పోలేదు. తన సేవాదినములు సంపూర్ణమగువరకు అక్కడనే యుండెను. దీనిని చదివిన తరువాతనే మేము ఆ పెద్దయొద్దకు పోయి, ముందటివలె పాటలు ఏర్పరచుమని వేడుకొంటిమి. ఇప్పుడాయన కీర్తన నంబరును పలకమీద వ్రాసి చూపును, చేతితో తాళము వేయును. మొన్న సుద్దముక్క విరిగిపోగా, ఒక పిల్లవాడు బడికి పరుగెత్తి తెచ్చెను. అంతవరకు సంఘమంతయు కనిపెట్టుకొనియుండెను.