60 కోట్ల కణాల ప్రయాణం, అందులో మీ కొలువు

60 కిలోల రోగికి కిలోకు కోటి చొప్పున మూలకణాలు ఎక్కించాలంటే ఎన్ని కావాలి? 60 కోట్లు. లెక్క ఐదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ 60 కోట్లనూ ప్రాణంతో రోగి మంచం దాకా చేర్చడం మాత్రం పెద్దపెద్ద శాస్త్రవేత్తలకే చెమటలు పట్టిస్తోంది. బయోటెక్ చదివితే ఉద్యోగం ఎక్కడ వస్తుందని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ దారినే.

ఈ మోతాదు ఊహించి చెప్పింది కాదు. తీవ్రమైన న్యుమోనియా, సెప్సిస్ లాంటివి ముదిరినప్పుడు ఊపిరితిత్తుల గాలి గదుల్లోకి నీరు ఊరి, రోగికి ఆక్సిజన్ అందకుండా పోతుంది. ఏఆర్‌డీఎస్ అని పిలిచే ఈ స్థితిని వైద్యులు 1967లోనే వర్ణించినా ఇప్పటికీ వెంటిలేటరే పెద్ద దిక్కు. అమెరికాలో ఇలాంటి 60 మందిపై జరిపిన స్టార్ట్ అనే ట్రయల్‌లో కొందరికి ఎముక మజ్జ నుంచి తీసిన మెసెంకైమల్ అనే రకం మూలకణాలను కిలోకు కోటి చొప్పున రక్తనాళం ద్వారా ఇచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. చికిత్స సురక్షితమేనని తేలింది కానీ మరణాలు తగ్గలేదు. ఆ నివేదికలో విద్యార్థి దృష్టి ఆగాల్సిన అంకె ఇంకొకటి ఉంది. గడ్డకట్టించిన కణాలను కరిగించి చూస్తే ఒక రోగికి అందినవాటిలో 85 శాతం బతికుంటే, మరో రోగి విషయంలో 36 శాతమే బతికున్నాయి. మందు పనిచేయలేదా, మందు చేరేలోపే చచ్చిందా? ఈ ప్రశ్న చుట్టూనే కొలువులున్నాయి.

కణాలను పెద్ద బయోరియాక్టర్లలో పెంచేవాళ్లు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరిచేవాళ్లు, ప్రతి బ్యాచ్‌నీ ఫ్లో సైటోమెట్రీతో పరీక్షించేవాళ్లు కావాలి. వీటికి మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీల్లో ఎమ్మెస్సీ సరిపోతుంది. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు.

కణాలు ఊపిరితిత్తులకు చేరే దారి విషయానికొస్తే కథ ఇంకా బాగుంటుంది. మెసెంకైమల్ కణం ఇంచుమించు 15 నుంచి 30 మైక్రాన్ల లావు. ఊపిరితిత్తుల్లోని రక్తకేశనాళికలు అంతకంటే సన్నం. అందుకే చేతి రక్తనాళంలోకి ఎక్కించిన కణాల్లో అధికభాగం ఊపిరితిత్తుల దగ్గరే ఇరుక్కుంటాయి. గుండెకో కాలేయానికో వైద్యం చేయాలనుకునేవాళ్లకు ఇది తలనొప్పి, మనకు వరం. అయితే ఒకటి రెండు రోజుల్లో అవీ చాలావరకు నశిస్తాయి. పోయేలోపు వాపు తగ్గించే సంకేతాలను వదిలివెళతాయి. అవి కొత్త ఊపిరితిత్తిని మొలిపిస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

గొంతు గొట్టం ద్వారా ఇవ్వడం రెండో పద్ధతి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని శామ్‌సంగ్ మెడికల్ సెంటర్ వైద్యులు నెలలు నిండని 9 మంది శిశువులకు బొడ్డుతాడు రక్తం నుంచి పెంచిన కణాలను ఇలాగే ఇచ్చి, 2014లో ఆ వివరాలు ప్రచురించారు. పసిపిల్లలకు సర్‌ఫాక్టెంట్ ఇచ్చే దారే ఇది. గొట్టాన్నీ వెంటిలేటర్‌నీ చూసుకునే రెస్పిరేటరీ థెరపిస్టు లేకపోతే ఇక్కడ పని ఒక్క అడుగు కదలదు. బైపీసీ తర్వాత ఎంబీబీఎస్ సీటు రాలేదని ఇంట్లో ముఖం చాటేసే పిల్లలు రెస్పిరేటరీ థెరపీ కోర్సు పేరు కూడా విని ఉండరు.

ఇక నెబ్యులైజర్. ఉబ్బసం మందులా మూలకణాలను పీల్పించవచ్చు కదా? ఊపిరితిత్తి లోలోతులకు చేరాలంటే తుంపర 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలి. కణమే దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, పైగా నెబ్యులైజర్ ఒత్తిడికి చితికిపోతుంది. అందుకే కణాలు విడుదల చేసే ఎక్సోజోములనే సూక్ష్మ తిత్తులను పీల్పించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి నానోమీటర్ల సైజులో ఉంటాయి. తుంపర కొలవడం, ఒత్తిడి లెక్కగట్టడం జీవశాస్త్రం ఒక్కటే చదివినవాళ్లకు కష్టం. మెకానికల్, కెమికల్ ఇంజినీర్లకూ, ఫార్మాస్యూటిక్స్ చేసిన ఎం.ఫార్మసీ వాళ్లకూ ఇక్కడ చోటుంది.

‘ఊపిరితిత్తుల మూలకణ నిపుణుడు కావలెను’ అని ప్రకటన రాదు. సెల్ కల్చర్, ప్రాసెస్ డెవలప్‌మెంట్, క్వాలిటీ కంట్రోల్, జీఎంపీ అనే మాటలతో వెతకండి. హైదరాబాద్ టీకా కంపెనీల్లో నేర్చిన పని ఇక్కడా చెల్లుతుంది. కోవాగ్జిన్‌కు వైరస్‌ను పెంచింది ల్యాబ్‌లో పెంచే వీరో అనే కణాల్లోనే. పరిశోధనకైతే హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, కంటికి మూలకణ చికిత్స ఏళ్లుగా చేస్తున్న ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. బెంగళూరు ఇన్‌స్టెమ్, వెల్లూరు సీఎంసీ ఎంతో దూరం కావు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే ఎమ్మెస్సీ సీట్లకు గాట్-బి, ఫెలోషిప్‌కు సీఎస్‌ఐఆర్ నెట్ లేదా డీబీటీ బెట్ రాయాలి. ఈ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఇంట్లో ఈ మాట ముందే చెప్పి పెట్టుకోండి.

రిస్కు కూడా తెలియాలి. అమెరికా ఎఫ్‌డీఏ మెసెంకైమల్ కణాల చికిత్సకు తొలి అనుమతి ఇచ్చింది 2024 డిసెంబరులో. అదీ మూలకణ మార్పిడి తర్వాత పిల్లల్లో తలెత్తే ఒక సమస్యకే, ఊపిరితిత్తులకు కాదు. మన దేశంలో 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త మూలకణ మార్పిడి తప్ప మిగతా ప్రయోగాలన్నీ అనుమతి ఉన్న ట్రయల్స్‌లోనే జరగాలి. ‘ఆయాసానికి మూలకణ ఇంజెక్షన్’ అని బోర్డు పెట్టిన క్లినిక్‌లో జీతం ఎంత ఊరించినా చేరవద్దు. రేపు కేసైతే ఫైలులో సంతకం మీదే ఉంటుంది. రెండు వారాల్లో మూలకణ నిపుణుణ్ని చేస్తామనే సర్టిఫికెట్ కోర్సులకూ డబ్బు తగలేయకండి.

అంతకంటే కాలేజీ ల్యాబ్‌లో హీమోసైటోమీటర్ దగ్గర కూర్చోండి. ట్రిపాన్ బ్లూ వేస్తే చచ్చిన కణం నీలమెక్కుతుంది, బతికింది రంగు పట్టదు. ఈస్ట్ కణాలతోనైనా సరే, గడ్డకట్టించి, కరిగించి, లెక్కపెట్టి రాసుకోండి. ఇంటర్వ్యూలో ఎంత శాతం బతికాయని అడుగుతారు, మిగతావి ఏ దశలో పోయాయనీ అడుగుతారు. ఆ రెండో జవాబు కోసం నోట్‌బుక్‌లో తేదీలతో సహా ఓ పేజీ ఉంచుకోండి.