ఒక బ్రిగేడు చరిత్ర, ఒక మాట బరువు

పత్రికలలో "బ్రిగేడు" అను మాట కనబడినపుడు పిల్లలు దాని యర్థ మడుగుట సహజము. కాల్బలమునకు చెందిన మూడు నాలుగు బెటాలియనులను, వానికి తోడుగా ఫిరంగులవారిని, ఇంజనీర్లను, వైద్యులను ఒక్క నాయకుని యాజ్ఞక్రింద చేర్చినచో అది బ్రిగేడగును. ఆ నాయకునికి బ్రిగేడియర్ అని పేరు. బ్రిటిషు సైన్యమున రెజిమెంటు అనునది వంశమువంటిది. తరతరముల పేరు ప్రతిష్ఠలు దానివి. బ్రిగేడట్లు గాదు. అవసరమును బట్టి కూర్చబడును. అవసరము తీరిన విడదీయబడును. అదే సంఖ్యతో మరల పుట్టును. 29వ బ్రిగేడు చరిత్ర నిందులకు నిదర్శనముగా జెప్పి, అందుండి గ్రహింపదగిన యొక పాఠమును తల్లిదండ్రుల యెదుట నుంచ దలచితిమి.

1942 మే నెలలో ఈ బ్రిగేడు మడగాస్కరు దీవియందలి డియేగో సువారెజ్ రేవును పట్టుకొనుటకై దిగెను. ఆ రేవు జపానువారి వశము గాకూడదని బ్రిటిషువారి తలంపు. పిదప భారతదేశమునకు వచ్చి, 36వ డివిజనులో చేరి, 1944లో అరకానునందును, తరువాత ఉత్తర బర్మాలోను పోరాడెను. యుద్ధము ముగిసిన కొలది యేండ్లకు ఇంగ్లండులో అదే సంఖ్యతో బ్రిగేడు మరల కూర్చబడి, 1950 నవంబరునాటికి కొరియా చేరెను.

1951 ఏప్రిలులో ఈ బ్రిగేడు సియోలు నగరమునకు ఉత్తరమున ఇమ్‌జిన్ నదీతీరమును కాచుచుండెను. నాయకుడు బ్రిగేడియర్ టామ్ బ్రోడీ. గ్లాస్టర్‌షైర్, నార్తంబర్లాండ్ ఫ్యూజిలియర్స్, అల్‌స్టర్ రైఫిల్స్ అను మూడు బ్రిటిషు రెజిమెంట్ల బెటాలియనులును, ఒక బెల్జియను బెటాలియనును అతని క్రింద నుండెను. కాపాడవలసిన రేఖ సుమారు 12 మైళ్లు. ఉన్న సైన్యమున కది మిక్కిలి పొడవు. దళమునకును దళమునకును నడుమ సందులు మిగిలెను. 22వ తేది రాత్రి చైనా సైన్యము నదిని దాటి ఆ సందులలో చొరబడెను. ఎడమవైపున లెఫ్టినెంట్ కర్నల్ కార్న్ నాయకత్వమున నున్న గ్లాస్టర్లు చుట్టుముట్టబడి 235వ కొండపైకి చేరిరి. వారికై పంపిన ట్యాంకులలో మొదటిది ఇరుకుదారిలో దెబ్బతిని నిలిచిపోగా మార్గము మూసికొనిపోయెను.

బ్రిగేడు అప్పుడు అమెరికను డివిజను అధిపతి జనరల్ సోల్ ఆజ్ఞలకు లోబడియుండెను. పరిస్థితిని గూర్చి ఆయనతో బ్రోడీ "కొంచెము చిక్కుగా నున్నది" అను భావము వచ్చు మాట చెప్పెనని ప్రసిద్ధి. ఆపదను తగ్గించి చెప్పుట ఆంగ్లేయులకు మర్యాద. సాటి ఆంగ్లేయుని కా మాటలో ప్రాణాపాయము వినబడును. అమెరికను సేనాధిపతికి మాత్రము, కష్టమే గాని నిలువగలరని తోచెను. ఇరువురిదియు ఆంగ్లమే, మాట యొక్కటే, బరువు వేరు.

25వ తేదీన గ్లాస్టర్లలో సుమారు 40 మంది మాత్రమే తప్పించుకొని స్వపక్షమును చేరిరి. ఐదువందలకు పైగా బందీలైరి. నడువలేని క్షతగాత్రులను విడువనొల్లక వైద్యుడును, క్రైస్తవ గురువును వారితోనే నిలిచి చెరపడిరి. బ్రిగేడంతటికి మృతులు, క్షతగాత్రులు, కానరానివారు కలిసి 1,091 మంది యని లెక్క. చైనా పక్షమునను వేలకొలది కూలిరి. ఆ మూడు దినముల ప్రతిఘటన వలన సియోలు రక్షణకు వ్యవధి చిక్కెను. 1951 జూలైలో బ్రిగేడు కామన్వెల్తు డివిజనులో చేరెను. భారతీయ వైద్యదళమగు 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్సు కూడ ఆ డివిజనులో సేవ చేసెను. చెర విడిచిన పిదప 1953లో కార్న్‌కు విక్టోరియా క్రాస్ లభించెను.

ఆ నష్టమంతయు ఒక్క మాట వలననే కలిగెననుట న్యాయము గాదు. రేఖ పొడవు, సేన కొరత, దారి మూతపడుట ఇవన్నియు కారణములే. అయినను సహాయము కోరవలసిన గడియలో పలుకు మాట, వినువాని చెవికి తన పూర్తి బరువుతో చేరవలెననుటకు ఇది గట్టి సాక్ష్యము.

మన పిల్లలకు ఇంట నొక భాష, వీథిలో నొక భాష, తరగతిలో మరియొకటి. "పాఠము తెలిసినదా?" అని ఉపాధ్యాయు డడుగగా బిడ్డ "ఫరవాలేదు" అనును. ఆ "ఫరవాలేదు"లో ఎంత తెలిసినదో, ఎంత తెలియలేదో తల్లి పోల్చుకొనగలదు. పరభాషలోనికి మారిన పిదప వినువానికి అంతయు తెలిసినట్లే తోచును. కావున పదములు నేర్పుట చాలదు. ఎదుటివాని భాషలో వాని తూకమెంతో గూడ నేర్పవలెను. కష్టమును కష్టమని నిండుగా చెప్పుట పిరికితనము గాదని మన బిడ్డలకు ఇంటనే అలవరచుదము.