ఓటర్ల జాబితాలో సొంత పేరు

ఓటు హక్కును పౌరునికి రాజ్యాంగం ప్రసాదించింది. కాని ఆ హక్కు చేతికి అందాలంటే ఓటర్ల జాబితాలో పౌరుని పేరు ఉండాలి. ఎన్నికల నాడు ఆ పౌరుడు పోలింగు కేంద్రానికి వెళ్ళాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా హక్కు కాగితం మీదనే నిలిచిపోతుంది. స్వతంత్ర భారతదేశంలో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల చరిత్ర ఈ సత్యాన్ని స్పష్టంగా తెలుపుతుంది.

కొందరి హక్కు నుండి అందరి హక్కుకు

బ్రిటిషు పాలనలో ఓటు కొద్దిమందికే పరిమితమై ఉండేది. శిస్తు లేదా పన్ను చెల్లించేవారికి, ఆస్తి కలవారికి, నిర్ణీతమైన చదువు చదివినవారికి మాత్రమే అది లభించేది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక మహిళా ప్రతినిధివర్గం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలుసుకొని, స్త్రీలకు కూడా ఓటు హక్కు కల్పించాలని కోరింది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్ర శాసనసభలకు విడిచిపెట్టింది. 1921లో మద్రాసు రాష్ట్రం అందుకు ముందుగా అంగీకరించింది. నాడు కోస్తా ఆంధ్ర, రాయలసీమ ఆ రాష్ట్రంలోనివే. అయితే ఆస్తి అర్హత గల స్త్రీలు బహు కొద్దిమంది కావడంతో ఆ సంస్కరణ ఫలితం కూడా కొద్దిమందికే దక్కింది.

1928 నాటి నెహ్రూ నివేదిక, 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానం వయోజనులందరికీ ఓటు హక్కు ఉండాలని ఉద్ఘాటించాయి. పొరుగున ఉన్న సింహళం 1931లోనే ఆ హక్కును పొందింది. కాని భారతదేశంలో 1935 చట్టం తరువాత కూడా ఓటర్ల సంఖ్య సుమారు 3 కోట్లకే పరిమితమైంది. పైగా మతాన్ని బట్టి ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పాటై, ఒకే ఊరివారు వేర్వేరు జాబితాలలో ఓటర్లుగా నమోదయ్యేవారు.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ రెండు కట్టుబాట్లనూ తొలగించింది. 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కు కల్పించింది. 325వ అధికరణం ప్రతి నియోజకవర్గానికి ఒకే సాధారణ ఓటర్ల జాబితా ఉండాలని, మత, జాతి, కుల, లింగ భేదాల కారణంగా ఎవరినీ దాని నుండి మినహాయించరాదని శాసించింది. భూస్వామి పేరు, అతని పొలంలో పనిచేసే కూలీ పేరు ఒకే జాబితాలో సమానమైన వరుసలుగా చేరాయి. జాతీయ సమైక్యతకు ఇంతకంటే సరళమైన పత్రం మరొకటి లేదు.

17 కోట్ల పేర్లు

రాజ్యాంగ రచన సాగుతున్న కాలంలోనే, 1948లో, రాజ్యాంగ సభ కార్యాలయం ఓటర్ల జాబితాల తయారీకి చర్యలు ప్రారంభించింది. దేశ విభజన ఫలితంగా ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన లక్షలాది కాందిశీకులకు స్థిరమైన చిరునామా లేదు. తాము ఆ ప్రాంతంలో శాశ్వతంగా నివసించదలచామని వారు ప్రకటిస్తే, ఆ ప్రకటన ఆధారంగానే పేర్లు నమోదు చేయడానికి ఏర్పాటు జరిగింది.

1950 జనవరి 25న ఎన్నికల సంఘం అవతరించింది. సుకుమార్ సేన్ తొలి ప్రధాన ఎన్నికల కమీషనరుగా నియమితులయ్యారు. ఆనాటి జాబితాలలో 17 కోట్ల 30 లక్షలకు పైగా ఓటర్లు నమోదయ్యారు. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. అందువలన అభ్యర్థులకు గుర్తులు కేటాయించి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాలెట్ పెట్టెను ఏర్పాటు చేశారు. మంచు కురవక ముందే ముగించవలసి ఉన్నందున హిమాచల్ ప్రదేశ్‌లోని చినీ ప్రాంతంలో 1951 అక్టోబరు 25న పోలింగు ప్రారంభమైంది. దేశమంతటా అది పూర్తి అయ్యేసరికి 1952 ఫిబ్రవరి వచ్చింది.

ఈ మహాయత్నంలో ఊహించని చిక్కు ఒకటి ఎదురైంది. పేర్లు వ్రాసుకోవడానికి వచ్చిన సిబ్బందికి అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యననో, ఫలానావారి తల్లిననో మాత్రమే చెప్పారు. పరాయివారికి పేరు చెప్పరాదన్న ఆచారం, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో, అంత బలంగా ఉండేది. పేరు లేని నమోదును ఎన్నికల సంఘం అంగీకరించలేదు. ఓటు వేయడానికి వచ్చిన వ్యక్తి ఎవరో నిర్ధారించడానికి పేరే ఆధారం. అంతకుమించి, ఓటు కుటుంబానిది కాదు, వ్యక్తిది. చివరకు సొంత పేరు తెలుపని సుమారు 28 లక్షల స్త్రీల నమోదులు రద్దయ్యాయి. రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఆ తొలి ఎన్నికలలో వారు వినియోగించుకోలేకపోయారు.

ఆ నష్టం చిన్నది కాదు. కాని నాటి పట్టుదల వృథా పోలేదు. 2019, 2024 సంవత్సరాల లోక్‌సభ ఎన్నికలలో స్త్రీల పోలింగు శాతం పురుషుల శాతం కంటే కొద్దిగా అధికంగా నమోదైంది.

ఒక్క ఓటు వలన ఏమవుతుంది?

లక్షల ఓట్ల మధ్య తన ఒక్క ఓటు వలన ఏమవుతుందన్నది చాలామంది సందేహం. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో గెలుపు ఓటములను నిర్ణయించినవి 9 ఓట్లు మాత్రమే. 2004లో కర్ణాటకలోని సంతేమరహళ్ళి, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా శాసనసభ స్థానాలలో ఒకే ఒక్క ఓటు ఫలితాన్ని నిర్ణయించింది.

అయితే ఇటువంటి ఫలితాలు అరుదు. ఓటు వేయడానికి అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. ఓటు వేసే వాడకు అభ్యర్థి వెళతాడు. అక్కడి మంచినీటి బావిని గురించి, బడిని గురించి, బాటను గురించి వింటాడు. ఓటు వేయని వాడ క్రమంగా అతని లెక్కలో నుండి జారిపోతుంది. గెలిచిన వ్యక్తిని నిలదీసే నైతిక బలం కూడా ఓటు వేసినవారికే ఎక్కువ. 2024లో దాదాపు 97 కోట్ల ఓటర్లలో 64 కోట్లకు పైగా ఓటు వేశారు. మిగిలినవారిలో వ్యాధిగ్రస్తులు, బ్రతుకు తెరువు కోసం ఊరు విడిచి వెళ్ళినవారు ఉండవచ్చు, వారిది నిస్సహాయత. ఉండీ వెళ్ళనివారిది ఉపేక్ష.

అభ్యర్థులెవరూ నచ్చలేదన్న సాకుకు కూడా తావు లేదు. సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 2013 నుండి ఓటింగు యంత్రం మీద ‘నోటా’ మీట చేరింది. ఎవరినీ అంగీకరించడం లేదని తెలియజేయడానికి కూడా పోలింగు కేంద్రానికి వెళ్ళవలసిందే.

రాజ్యం బాధ్యత, పౌరుని బాధ్యత

రాజ్యం తన వంతు బాధ్యతను ఎంత దూరమైనా మోసుకొని పోవలసి ఉంటుంది. 2024లో అరుణాచల్ ప్రదేశ్‌లోని మాలోగాం అనే మారుమూల గ్రామంలో ఒకే ఒక్క మహిళా ఓటరు కోసం ఎన్నికల సిబ్బంది కొండదారులలో నడిచి వెళ్ళి పోలింగు కేంద్రం నెలకొల్పారు.

పౌరుని వంతు బాధ్యత ఇంత కష్టమైనది కాదు. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989 నుండి ఓటు హక్కు వయస్సు 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గింది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో దేనినాటికి 18 ఏళ్ళు నిండినా నమోదుకు అర్హత లభిస్తుంది. కొత్తగా పేరు చేర్చుకోవడానికి 6వ నంబరు ఫారము, నివాసం మారినా తప్పులు దిద్దవలసి వచ్చినా 8వ నంబరు ఫారము నింపాలి. గుర్తింపు కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్లు కాదు. జాబితాలో పేరు లేనివారు ఓటు వేయలేరని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం స్పష్టం చేస్తున్నది. ఎవరికి ఓటు వేసినదీ తెలుపుమని ఎవరూ నిర్బంధించరాదని కూడా ఆ చట్టమే రక్షణ కల్పించింది.

నాటి స్త్రీలకు సొంత పేరు చెప్పడానికి ఆచారం అడ్డు వచ్చింది. నేటి యువతీ యువకులకు ఆ అడ్డంకి లేదు. ఎన్నికల ప్రకటన వెలువడేవరకు ఆగక, జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో చూచుకోవడం, ఇంటిలోని పెద్దల పేర్లు కూడా సరిచూడడం, వారిని పోలింగు కేంద్రానికి తోడుకొని వెళ్ళడం వారు చేయగల పనులు. పౌరసత్వపు తొలి పాఠం అక్కడ ఆరంభమవుతుంది.