కొత్త గినీ పిగ్ చేతికి ఎలా మచ్చికవుతుంది?

గినీ పిగ్ పుట్టుకతోనే బెదురు జంతువు. పైనుంచి చెయ్యి దిగితే గద్ద వాలినట్టే హడలిపోతుంది. అందుకే ఇంటికి తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు ముట్టుకోకుండా, బోనులో ఎండుగడ్డి, నీళ్లు, దాక్కునే చోటు ఉంచి వదిలేయడం మేలు. తర్వాత పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడుతూ కొత్తిమీర రెబ్బ అందించాలి. మొదట మెడ సాచి రెబ్బ లాక్కుని మూలకు పరుగెడుతుంది. కొన్నాళ్లకు అక్కడే నిలబడి నములుతుంది. ఎత్తుకోవాల్సింది అప్పుడే, అంతకుముందు తొందర పనికిరాదు. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది వెనక కాళ్ల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. కిందపడితే ఎముకలు విరుగుతాయి కాబట్టి పిల్లలు నేలమీద కూర్చునే ఒళ్లో పెట్టుకోవాలి. మొదట్లో ఐదు నిమిషాలు చాలు. పళ్లు టకటకలాడిస్తే కోపమొచ్చినట్టే. నెమ్మదిగా బోనులోకి దింపేయాలి.