పుట్టింటి తీరం

గుంటూరు, ప్రకాశం మైదానాలనగానే పత్తి చేలు, మిరప కల్లాలు మనసున మెదలుతాయి. ఆ నల్లరేగడి నేలలు దాటి దక్షిణంగా సాగితే భావనారాయణస్వామి కొలువైన బాపట్ల, దానికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక సముద్రతీరం ఎదురవుతాయి. పూర్వం గుంటూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది.

కార్తిక పౌర్ణమినాడు సముద్రస్నానానికై జనం ఇక్కడికి వేలాదిగా తరలివస్తారు. పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత రిసార్టు యాత్రికులకు విడిది కల్పిస్తున్నది. ఇంటికి వచ్చినవారికి ముందుగా కాళ్లకు నీళ్లిచ్చి, ఆ పైన కుశలమడగడం తెలుగువారి మర్యాద. తీరంలోని విడుదులలో ఆ మర్యాదే వంటవారికి, పడవవారికి, చిరువ్యాపారులకు జీవనాధారమైనది.

యాత్రికులకంటె ముందునుండీ ఈ తీరానికి వచ్చే ప్రాణి మరొకటి ఉన్నది. అది ఆలివ్ రిడ్లే తాబేలు. ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతానికే తిరిగి వచ్చి గుడ్లు పెడుతుంది. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు వంటిది అది. ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు రాత్రివేళ ఒడ్డుకు చేరి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి వెళ్లిపోతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడతాయి. వాటికి దారి చూపేది వెలుగే. సహజమైన చీకటిలో నేలకంటె సముద్రమే కాంతిమంతంగా ఉంటుంది. పిల్లలు అటువైపే పరుగుతీస్తాయి. ఒడ్డున విద్యుద్దీపాలు ప్రజ్వరిల్లితే వాటినే సముద్రమని భ్రమించి వెనుకకు మళ్లుతాయి. కుక్కలకు, కాకులకు చిక్కి, ఎండకు సొమ్మసిల్లి ప్రాణాలు విడుస్తాయి. వేయి పిల్లలలో పెరిగి పెద్దయ్యేది ఒక్కటేనని అంచనా.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ కల్పించింది. అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లలను సముద్రంలోకి విడిచిపెడుతున్నది. 1977 నవంబరు 19న వచ్చిన పెనుతుపాను తరువాత ఈ తీరాన విస్తరించిన సరుగుడు తోటలు గాలి ఉద్ధృతిని తగ్గించడమే గాక, ఊరి దీపాల వెలుగును కొంత మరుగుపరుస్తాయి.

మర్యాదను, ప్రకృతిరక్షణను జతచేసి చూడడం ఇతర దేశాలలోనూ ఉన్నది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులవారు ప్రేమను, స్వాగతాన్ని, వీడ్కోలును 'అలోహా' అనే ఒక్క మాటతోనే తెలుపుతారు. ఆ భావనకు 1986లో అక్కడి చట్టంలో స్థానం కల్పించారు. పగడపు దిబ్బలకు హాని చేసే రెండు రసాయనాలు కలిసిన, ఎండనుండి చర్మాన్ని కాపాడే లేపనాల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుండి అక్కడ నిషేధించారు. అతిథిని ఆదరించడం ఆతిథేయుని ధర్మమైతే, ఆ ఇంటికి కీడు చేయకపోవడం అతిథి ధర్మమని ఆ నిషేధం చాటుతున్నది.

సూర్యలంకకూ ఈ ధర్మం వర్తిస్తుంది. తీరవాసులకు ఉపాధి కావాలి. తాబేలుకు చీకటి కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరనిది కాదు. గుడ్లు పెట్టే కాలంలో సముద్రంవైపు దీపాలను ఆర్పడం, తప్పనిసరి దీపాలకు మరుగు కట్టి వెలుగు నేలమీదికే పడేటట్లు చేయడం, ఇసుకలో వాహనాలు నడపకపోవడం, చెత్త వేయకపోవడం కష్టసాధ్యమైన పనులు కావు. యాత్రికుడు రెండునాళ్లుండి వెళ్లిపోతాడు. తాబేలు పిల్ల మాత్రం ఏళ్ల తరబడి సముద్రంలో పెరిగి, తల్లియై మరల ఇక్కడికే వస్తుంది. నాటికి దాని పుట్టిల్లు నిలిచి ఉండాలంటే ఆ భారం నేటివారిదే.

ప్రశ్నలు

1. తాబేలును పురిటికి వచ్చే ఆడపడుచుతో ఎందుకు పోల్చారు?
2. విద్యుద్దీపాలు తాబేలు పిల్లలకు ఎట్లా హాని చేస్తాయి?
3. తీరవాసుల ఉపాధికి, తాబేళ్ల రక్షణకు పొత్తు ఎట్లా కుదురుతుందో వివరించండి.