యూరప్ టూర్‌కు ప్లాన్ వేయడం ఏడో తరగతిలోనే నేర్పాలి



"అమ్మా, సెలవుల్లో ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగు ఊళ్లు చూసొస్తాం." జర్మనీలో చదువుతున్న పిల్లల నుంచి ఈ ఫోన్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో అక్కడ 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులు ఉన్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం.

ఆ మాట వినగానే కొందరు "చదువుకోమని పంపితే ఈ తిరుగుళ్లేంది?" అంటారు. ఇంకొందరు "సరే బిడ్డా, ఎన్ని పైసలు కావాలె?" అంటారు. మొదటి జవాబు విన్న పిల్లలు మరోసారి చెప్పకుండా వెళ్తారు. రెండోది విన్నవాళ్లు లెక్క లేకుండా ఖర్చు చేస్తారు. అడగాల్సింది "మీ ప్లాన్ ఏంటి, చెప్పు" అని. అయితే ప్లాన్ వేయడం విమానం ఎక్కాక ఒక్కసారిగా రాదు. అది బడి వయసులోనే అలవాటు కావాలి.

ఒక రూటు, నాలుగు పాఠాలు

విద్యార్థులు ఎక్కువగా ఇష్టపడే ఒక రూటు తీసుకుందాం: బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. నాలుగూ రాజధానులే. ఒక ఊరి నుంచి తర్వాతి ఊరికి రైల్లో సుమారు రెండున్నర నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది.

చరిత్ర: బెర్లిన్‌ను రెండుగా చీల్చిన గోడను 1961లో కట్టారు, 1989లో అది తెరుచుకుంది. బుడా, పెస్ట్, ఓబుడా అనే మూడు ఊళ్లు 1873లో కలిసి బుడాపెస్ట్ అయ్యాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిపోయిన తీరు చూసిన మన పిల్లలకు ఇది చెప్పగానే అర్థమవుతుంది.

భూగోళం: వియన్నా, బుడాపెస్ట్ రెండూ డాన్యూబ్ ఒడ్డునే ఉన్నాయి. ఆ నది సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి పది దేశాలను తాకుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకునే మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు.

లెక్కలు: జర్మనీ, ఆస్ట్రియాల్లో యూరో, చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి. నాలుగు దేశాలకు మూడు రకాల డబ్బు అన్నమాట.

సమయం: అక్కడి గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు రాత్రి 10 అయితే, వేసవిలో వాళ్లకు సాయంత్రం 6.30.

కాగితాల సంగతి

షెంజెన్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య మామూలుగా ఒకే వీసా చెల్లుతుంది. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న విద్యార్థి మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగొచ్చు. పాస్‌పోర్టు, పర్మిట్ అసలువి వెంట ఉండాలి, ఫోన్‌లో ఫొటో ఉంటే చాలదు. పర్మిట్ గడువు దగ్గర పడితే ముందుగా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగాలి. బ్రిటన్, ఐర్లాండ్ షెంజెన్‌లో లేవు, వాటికి వేరే వీసా కావాలి. ఆరోగ్య బీమా పక్క దేశంలో ఎంతవరకు పనిచేస్తుందో కూడా బయల్దేరకముందే కనుక్కోవాలి.

మొగల్తూరు నుంచి సీమకు బయల్దేరిన 'బారిస్టర్ పార్వతీశం' పాట్లు చదివి మనమంతా నవ్వుకున్నాం. ఆ పాట్లు చాలావరకు ముందుగా ఎవరినీ అడగకపోవడం వల్ల వచ్చినవే.

పైసల సంగతి

జర్మనీ విద్యార్థి వీసాకు 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. అంటే నెలకు 992. గది కిరాయి, తిండి, బీమా అన్నీ అందులోనే. చాలా ఇళ్లలో ఈ డబ్బు బ్యాంకు లోను నుంచో, భూమి కాగితాల మీదనో వచ్చినదే. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. టూర్ ఖర్చు ఆ 992లో మిగిల్చుకున్నదో, పార్ట్‌టైమ్ పనిలో సంపాదించుకున్నదో అయితే ప్రతి యూరో విలువ వాళ్లకే తెలుస్తుంది.

స్నేహితులతో వెళ్తే

బయల్దేరకముందే నలుగురూ తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఉమ్మడి ఖర్చు ఎవరు రాస్తారు? ఒకరికి జ్వరం వస్తే పక్కన ఎవరు ఆగుతారు? జనంలో విడిపోతే ఎక్కడ కలవాలి? ఇష్టం లేని చోటికి "నేను రాను" అంటే మిగతావాళ్లు ఒప్పుకుంటారా? యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసర నంబర్ 112. మన దగ్గరా అదే. పైన చెప్పిన నాలుగు రాజధానుల్లోనూ భారత రాయబార కార్యాలయాలు ఉన్నాయి. వాటి చిరునామాలు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకుంటే ఫోన్ పోయినా దారి దొరుకుతుంది.

ఈ నెల ఇంటి పని

ఏడో తరగతి దాటిన పిల్లలకు ఒక రోజు ప్రయాణం అప్పజెప్పండి. జనగామ, మహబూబాబాద్ పిల్లలు రైల్లో వరంగల్ వెళ్లి కోట చూసి రావచ్చు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి బస్సులో రామప్పకు వెళ్లొచ్చు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ గుడి శాసనం 1213 నాటిది. జర్మనీలోని ప్రసిద్ధ కొలోన్ చర్చికి పునాది వేసింది 1248లో, అంటే రామప్ప తర్వాతే. ఈ రెండు తేదీలు తెలిసిన పిల్లలు యూరప్‌లో గొప్ప కట్టడాలు చూసినా మన ఊరిని చిన్నచూపు చూడరు.

టైమ్‌టేబుల్ చూడటం, టికెట్ కొనడం, భోజనానికి ఎంతవుతుందో ముందే అంచనా వేయడం, ఖర్చు రాయడం అన్నీ పిల్లలే చేయాలి. మీరు వెంట ఉండండి, కానీ అడిగితేనే చెప్పండి. బస్సు తప్పిపోతే తిట్టకండి, "ఇప్పుడు ఏం చేద్దాం?" అని అడగండి. ఇంటికి వచ్చాక అంచనా, అసలు ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎందుకు వచ్చిందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ లెక్క కాగితాన్ని క్లాస్ టీచర్‌కు పంపిస్తే సోషల్ పీరియడ్‌లో చర్చిస్తాం.